అల్లుడుగారు బొమ్మలు చూస్తారట

హఫీజ్‌పేట్ ఎంఎంటీఎస్ స్టేషన్‌లో ఉదయం ఆఫీసుల వేళ ఒకసారి నిలబడి చూడండి. హైటెక్ సిటీ వైపు బండి వచ్చేలోగా ప్లాట్‌ఫారం మీద ప్రతి తలా ఫోన్లోకి వంగి ఉంటుంది. ఒకరు రీల్స్, ఒకరు నిన్నటి మ్యాచ్ హైలైట్స్, ఒకరు అర్ధరాత్రి వచ్చిన ఆఫీసు మెయిళ్లు. వాళ్లలో ఒకాయన మాత్రం ఫోన్‌ని ఛాతీకి ఆనించి, పక్కవాళ్లకి కనపడకుండా కాస్త వంచి పట్టుకుంటాడు. మెడలో కంపెనీ ట్యాగు, వయసు ముప్పై ఎనిమిదో నలభయ్యో. చూస్తున్నది చూడకూడనిదేమీ కాదు. జపాన్‌లో తీసిన బొమ్మల సినిమా.

ఇంట్లో ఆయన పరిస్థితి ఇంకా విచిత్రం. కంటి ఆపరేషన్ కోసం ఖమ్మం నుంచి వచ్చిన మామగారు ఒక రాత్రి మంచినీళ్లకి లేచి, హాల్లో టీవీ వెలుగు చూసి, తెల్లారి కాఫీ తాగుతూ కూతుర్ని గొంతు తగ్గించి అడుగుతారు. "ఏమ్మా, అల్లుడుగారు రాత్రిపూట బొమ్మలు చూస్తారా?" "ఆయనంతే నాన్నా, మీరేం పట్టించుకోకండి" అని ఆవిడ సర్దిచెబుతుంది. బాత్రూంలో గడ్డం గీసుకుంటున్న అల్లుడుగారికి రెండు మాటలూ స్పష్టంగా వినపడతాయి.

ఈ అధ్యాయం ఆయన కోసం. పెళ్లిచూపుల్లో హాబీలేమిటని అడిగితే "మ్యూజిక్, రీడింగ్" అని చెప్పి, పిక్సర్ సినిమాలన్నీ విడుదలైన సంవత్సరాలతో సహా కంఠతా వచ్చన్న సంగతి దాచుకున్న అమ్మాయి కోసం కూడా.

ఇలాంటి అభిమానులు సాధారణంగా రెండు దారుల్లో ఒకటి పడతారు. కొందరు దాచుకుంటారు. కొందరు ఎదురుదాడికి దిగుతారు. యానిమేషన్ అంటే ఏమనుకున్నారు, ఆస్కార్లు తెలుసా, వసూళ్లు తెలుసా అని భోజనాల దగ్గర చేయి ఆరిపోయేదాకా వాదిస్తారు. రెండు దారుల్లోనూ సినిమా వెనక్కి పోయి మన పరువు ముందుకొస్తుంది. నేను చెప్పేది ఒక్కటే. ఇష్టాన్ని సమర్థించుకోవడానికి పెట్టే ఓపికలో సగం ఆ సినిమాని సరిగ్గా చూడటం మీద పెట్టండి. ఎలాగో ఈ పేజీల్లో చెబుతాను. ముందు ఆ సిగ్గు సంగతి తేల్చుకుందాం.

మన ఊళ్లలో బొమ్మలు ఎవరు చూసేవారు

తోలుబొమ్మలాట చిన్నపిల్లల వినోదంగా పుట్టలేదు. ఊరి మధ్య తెల్లటి పంచె కట్టి, వెనక దీపాలు పెట్టి, రామాయణ భారతాలు తెల్లవార్లూ ఆడేవారు. చూసేది పొలం నుంచి వచ్చి గోచీ సర్దుకుని కూర్చున్న పెద్దవాళ్లు. మధ్యలో జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు వచ్చి విసిరే జోకులు పిల్లలకి వినిపించదగ్గవి కావు. ఆ విద్య ఇప్పటికీ బతికి ఉన్న ఊరు ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట. అక్కడి దళవాయి చలపతిరావుకి 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలు మీద బొమ్మ చెక్కి, కీళ్ల దగ్గర దారంతో కలిపి, వెనక నుంచి వెలుగు పోసి ప్రాణం తెప్పించడం మనవాళ్లకి తరతరాల పని. జర్మనీలో లోటె రైనిగర్ అనే ఆవిడ నల్ల కాగితం, పల్చటి సీసం రేకులు కత్తిరించి, కింద నుంచి వెలుగు వేసి, ఒక్కో ఫ్రేమూ ఫొటో తీసి 1926లో 'ది అడ్వెంచర్స్ ఆఫ్ ప్రిన్స్ అహ్మద్' పూర్తి చేసింది. ఇప్పటికి మిగిలి ఉన్న పూర్తి నిడివి యానిమేషన్ సినిమాల్లో అన్నిటికన్నా పాతది అదే. డిస్నీ 'స్నో వైట్' వచ్చింది 1937లో, ఇంకో పదకొండేళ్లకి. నిమ్మలకుంట కళాకారుణ్ణి కూర్చోబెట్టి రైనిగర్ సినిమా చూపిస్తే ఆయనకి ఎవరూ ఏమీ వివరించక్కర్లేదు.

తర్వాత మాయాబజార్. 1957లో ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతట అవి ఎగిరివెళ్తుంటే థియేటర్లో ఈలలు వేసింది పిల్లలు కాదు. కె.వి.రెడ్డి దర్శకత్వంలో, మార్కస్ బార్ట్‌లీ కెమెరాతో చేసిన ఆ మాయల్ని మామగారు ఈనాటికీ కళ్లు మెరుస్తూ చెబుతారు. కదలని వస్తువుని తెర మీద కదిలించి, అది నిజమేనని కాసేపు నమ్మించడమే కదా అక్కడ జరిగింది! ఆ సినిమాకి కె.వి.రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేసిన కుర్రాడు సింగీతం శ్రీనివాసరావు. ఆ కుర్రాడే 2008లో, డెబ్భై ఆరేళ్ల వయసులో, 'ఘటోత్కచ్' అనే యానిమేషన్ సినిమాకి దర్శకత్వం వహించాడు. మధ్యలో 'పుష్పక విమానం', 'ఆదిత్య 369' తీసిన మనిషి. తెలుగు సినిమాలో ఆయన కన్నా పెద్దమనిషిని చూపించమనండి.

మరి బొమ్మలంటే పిల్లల సరుకు అన్న ముద్ర ఎప్పుడు పడింది? నా ఉద్దేశంలో చాలావరకు టీవీ వల్ల. 1995లో కార్టూన్ నెట్‌వర్క్ మన దేశానికి వచ్చింది. తర్వాత పోగో, తెలుగులో ఖుషీ టీవీ. అన్నీ పిల్లలకని పెట్టిన ఛానళ్లు, మధ్యలో వచ్చే ప్రకటనలు కూడా బిస్కెట్లవీ పెన్సిళ్లవీ. రిమోట్ పట్టుకున్న పెద్దవాళ్లకి బొమ్మలు కనపడినప్పుడల్లా పక్కన పిల్లలు కనపడ్డారు. అంతకుమించి ఇందులో లోతైన సత్యమేమీ లేదు.

కాబట్టి మామగారితో వాదన పెట్టుకోకండి. ఆయనకి నచ్చిన మాయాబజార్ సీను దగ్గర మొదలుపెట్టి, అది ఎలా తీసి ఉంటారో ఇద్దరూ కలిసి ఊహించండి. ఆ కబురు అరగంట సాగితే మీ పని సగం అయినట్టే.

ఒక్క సినిమా, మూడుసార్లు

ఈ అధ్యాయంలో అసలు పని ఇక్కడుంది. మిగతావి తీరిక లేకపోతే వదిలేసినా పరవాలేదు.

మన అభిమానుల్లో ఎక్కువమంది లెక్కల మనుషులు. ఎన్ని చూశాం, ఏ సిరీస్‌లో ఎన్ని ఎపిసోడ్లు అయ్యాయి, ఇంకెన్ని మిగిలాయి. ఆఫీసులో టికెట్లు క్లోజ్ చేసే అలవాటు ఇంటికీ వస్తుంది. శని, ఆదివారాల్లో 1.5 స్పీడులో పన్నెండు ఎపిసోడ్లు అవగొట్టి సోమవారం గర్వంగా చెప్పుకునేవాళ్లున్నారు. యానిమేషన్‌కి ఇంతకన్నా అన్యాయం లేదు. ఒక కదలిక ఎంత సేపు ఉండాలన్నది అక్కడ ఒక మనిషి ఫ్రేములు లెక్కపెట్టి పెట్టిన నిర్ణయం. మీరు దాన్ని ఒక మీటతో చెరిపేస్తున్నారు.

బదులుగా ఇలా చేయండి. నెలకి ఒక్క సినిమా ఎంచుకోండి. మొదటిసారి ఆపకుండా, ఫోన్ పక్క గదిలో పెట్టి, మామూలు ప్రేక్షకుడిలా చూడండి. ఏడుపొస్తే ఏడవండి. రెండోసారి మీకు బాగా పట్టుకున్న పది నిమిషాలు మాత్రం తీసుకుని, సౌండ్ పూర్తిగా తీసేసి చూడండి. సంగీతం మనల్ని ఎంత మోసేదో అప్పుడు తెలుస్తుంది. సంగీతం లేకుండా కూడా కట్టిపడేసే సీను ఉందంటే అక్కడ గీసినవాళ్లు గట్టివాళ్లన్నమాట. మూడోసారి ఫ్రేము ఫ్రేముగా. ఓటీటీ యాప్‌లలో ఈ సదుపాయం మామూలుగా ఉండదు. స్టూడియోలే యూట్యూబ్‌లో పెట్టే ట్రైలర్లు, క్లిప్పులు కంప్యూటర్‌లో తెరిచి, ఆపి, కీబోర్డు మీద ఫుల్‌స్టాప్ నొక్కితే ఒక ఫ్రేము ముందుకి, కామా నొక్కితే ఒక ఫ్రేము వెనక్కి జరుగుతుంది. మీ దగ్గర కొనుక్కున్న ఫైలు ఉంటే వీఎల్‌సీ ప్లేయర్‌లో 'ఈ' అక్షరం నొక్కితే ఒక్కో ఫ్రేమూ ముందుకి జరుగుతుంది. రోజంతా డీబగ్గర్‌లో ఒక్కో లైనూ దాటేవాళ్లకి ఈ విద్య కొత్తగా నేర్పక్కర్లేదు.

సినిమా తెర మీద సెకనుకి 24 ఫ్రేములు వెళ్తాయి. అలాగని ప్రతి ఫ్రేముకీ కొత్త బొమ్మ ఉండాలని లేదు. చేత్తో గీసే యానిమేషన్‌లో ఒక బొమ్మని రెండేసి ఫ్రేములు నిలపడం మామూలే. సెకనుకి 12 బొమ్మలతో సరిపోతుంది. దీన్ని 'టూస్' మీద చేయడం అంటారు. ప్రతి ఫ్రేముకీ కొత్త బొమ్మ వేస్తే 'వన్స్'. ఈ చిన్న లెక్కతో ఎంత కథ చెప్పవచ్చో 2018లో వచ్చిన 'స్పైడర్‌మ్యాన్: ఇంటు ది స్పైడర్‌వర్స్' చూపించింది. అడవిలో మైల్స్, పీటర్ ఇద్దరూ చెట్ల మధ్య వేలాడుతూ పారిపోయే సీను గుర్తుంది కదా. మైల్స్‌కి వేలాడటం అప్పటికి రాదు, పీటర్‌కి ఏళ్ల అనుభవం. యానిమేటర్లు పీటర్‌ని వన్స్ మీద, మైల్స్‌ని టూస్ మీద కదిపారు. ఒకే షాట్‌లో, పక్కపక్కనే! పీటర్ నూనె రాసినట్టు జారిపోతుంటే మైల్స్ తడబడుతూ, ఒక్కో పోజులో ఒక క్షణం ఎక్కువ ఆగిపోతూ వెంటపడతాడు. థియేటర్లో మనకి ఇదంతా తెలియదు. కుర్రాడు ఇంకా నేర్చుకుంటున్నాడు పాపం అనిపిస్తుందంతే. కథ ముందుకి పోయి, వాడు తన కాళ్ల మీద నిలబడ్డాక వాడి కదలికా నునుపెక్కుతుంది. నాకు తెలిసి ఏ డైలాగూ ఇంత పొదుపుగా ఆ మాట చెప్పలేదు.

దీనికి పూర్తి విరుద్ధమైన పాఠం కావాలంటే జపాన్ దర్శకుడు మియజాకి 'స్పిరిటెడ్ అవే' తీయండి. 2001 సినిమా, 2003లో ఆస్కార్ గెలిచింది. అందులో రైలు ప్రయాణం ఎంఎంటీఎస్‌లో తిరిగేవాళ్లు ప్రత్యేకంగా చూడాల్సింది. నీళ్లలో మునిగిన పట్టాల మీద రైలు వెళ్తుంటుంది. తోటి ప్రయాణికులు సగం పారదర్శకమైన నీడలు. పెట్టెలు పట్టుకుని ఎక్కడో దిగిపోతారు. నీళ్ల మధ్య ఒక స్టేషన్, ప్లాట్‌ఫారం మీద ఒక చిన్న నీడ పిల్ల నిలబడి ఉంటుంది, రైలు దాటిపోతుంది. కథానాయిక అయిన చిన్నపిల్ల చిహిరో చేతులు ఒళ్లో పెట్టుకుని దాదాపు కదలకుండా కూర్చుంటుంది. కిటికీ బయట మాత్రం వెలుగు మారుతూ సాయంత్రం రాత్రవుతుంది. వేగంగా కదిలించగలిగినవాడు కదపకుండా ఆపాడంటే ఎందుకో అడగండి. చిహిరో ఆ క్షణంలో ఎంత పెద్దదయిందో మాటల్లో చెప్పకుండా చెప్పడానికి ఆ నిశ్చలత్వం కావలసివచ్చిందని నాకనిపిస్తుంది. మీకు ఇంకోటి అనిపించవచ్చు. అనిపించినదాన్ని ఒక నోట్‌బుక్‌లో రెండు వాక్యాలు రాసిపెట్టండి. "సూపర్", "గూస్‌బంప్స్", "మైండ్ బ్లాక్" ఈ మూడు మాటలూ ఆ నోట్‌బుక్‌లో నిషేధం. అవి తీసేస్తే కష్టపడి ఇంకేదో వెతుక్కోవాలి. మీ చూపుకి పదును పట్టేది అక్కడే.

తలుపులు తెరిచాక కూడా కూర్చోండి

కొత్తగూడలోని ఏఎంబీ అయినా, మదీనగూడ జీఎస్ఎం మాల్ అయినా, సినిమా అయిపోగానే లైట్లు వెలుగుతాయి, చీపుర్లు పట్టుకుని పనివాళ్లు వస్తారు, వెనక వరసవాళ్లు మీ మోకాళ్లు తోసుకుంటూ వెళ్తారు. మీరు కదలకండి. పేర్లు వస్తున్నాయి.

మామూలు సినిమా కన్నా యానిమేషన్ సినిమాకి ఈ జాబితా పొడుగు. ఒకసారికి ఒక్క విభాగాన్నే చదవండి. స్టోరీబోర్డ్ అంటే సినిమా మొత్తాన్ని ముందుగా గీతల్లో రాసుకోవడం. మన బాపు మామూలు సినిమాలకే ప్రతి షాటూ బొమ్మ గీసుకుని సెట్‌కి వెళ్లేవారు, కాబట్టి ఇది మనకి తెలియని పద్ధతి కాదు. రిగ్గింగ్ అంటే కంప్యూటర్ బొమ్మ లోపల ఎముకలూ కీళ్లూ అమర్చడం. తోలుబొమ్మకి దారం కట్టినట్టే. లైటింగ్, కంపోజిటింగ్ వాళ్లు చివర్లో అన్నిటినీ ఒక తెర మీద కలిపేవాళ్లు. ఇలా కొన్నాళ్లు చదివితే తెలుగు ఇంటిపేర్లు తగలడం మొదలవుతాయి. ఆశ్చర్యపోకండి, మీరు ఉంటున్న ఊరు అలాంటిది. ఛోటా భీమ్ పుట్టింది హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ సంస్థలో. 'కల్కి 2898 ఏడీ'కి ముందు 2024లో వచ్చిన 'బుజ్జి అండ్ భైరవ' సిరీస్ చేసిందీ అదే సంస్థ. అంతకు చాలా ముందే, 2006లో వచ్చిన 'కిట్టు' అనే తెలుగు యానిమేషన్ సినిమా జాతీయ అవార్డు తెచ్చుకుంది. అది చూసినవాళ్లు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది ఉంటే గొప్ప.

పేర్లు చదవడం మర్యాద కోసం మాత్రమే కాదు. 'లైఫ్ ఆఫ్ పై'లో పడవ మీది పులి చాలా షాట్లలో కంప్యూటర్‌లో కదిపిన బొమ్మ. దాన్ని చేసిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థకి హైదరాబాద్‌లోనూ స్టూడియో ఉండేది. 2013 ఫిబ్రవరిలో ఆ సినిమాకి విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది. అప్పటికి రెండు వారాల కిందటే ఆ సంస్థ దివాలా పిటిషన్ వేసి ఉంది. అవార్డు అందుకుంటూ వేదిక మీద ఆ సంగతి ఎత్తబోయిన మనిషి మాట పూర్తి కాకుండానే మైకు ఆగిపోయింది. ఆ పులి మీద పనిచేసినవాళ్లలో కొందరు ఆ రోజుల్లో మీరెక్కే రైలే ఎక్కి ఉంటారని అనుకోవడంలో తప్పులేదు. మీ అభిమానం ఎవరి మీదో మీకు తెలియాలంటే ఆ జాబితా చివరిదాకా చదవాలి.

థియేటర్ విషయంలో ఇంకొక్క మాట. యానిమేషన్ సినిమాకి మన మల్టీప్లెక్సుల్లో తొలివారం తక్కువ షోలు, అదీ వేళకాని వేళల్లో ఇస్తారు. మొదటి మూడు రోజులు జనం రాకపోతే మళ్లీ శుక్రవారానికి అది ఉండదు. "ఓటీటీలో వస్తుందిలే" అనుకునే అభిమాని, మా ఊళ్లో మంచి సినిమాలు వేయరండీ అని ఫిర్యాదు చేసే అభిమాని చాలాసార్లు ఒక్కడే. పిలిస్తే వస్తారన్న నమ్మకం కలిగిస్తే పంపిణీదారులు వింటారు. జపాన్ దర్శకుడు షింకాయ్ 'వెదరింగ్ విత్ యూ' 2019 అక్టోబరులో ఇక్కడ విడుదలైందంటే మన దేశపు అభిమానులు ఆన్‌లైన్‌లో వేల సంతకాలతో అడగబట్టే. ఆరేళ్లు గడిచేసరికి 2025 సెప్టెంబరులో 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్' తెలుగు మాటలతో సహా దిగింది. అదే ఏడాది జులైలో 'మహావతార్ నరసింహ' ఏ పెద్ద హీరో ముఖమూ లేకుండా మొదలై, నోటి మాట మీద షోలు పెంచుకుంటూ రూ.300 కోట్లు దాటింది. పెద్దలు, ముసలివాళ్లు, చంటిపిల్లలు, అందరూ కలిసి వెళ్లి చూసిన బొమ్మల సినిమా. మామగారి ప్రశ్నకి అంతకన్నా పెద్ద జవాబు ఉండదు, కానీ ఆయనకి అలా చెప్పకండి. టికెట్ తీసి పిలవండి.

పాపని అడ్డం పెట్టుకోవద్దు

పెళ్లయి పిల్లలున్న అభిమానికి ఒక దొంగదారి దొరుకుతుంది. "పాప అడిగిందని వెళ్తున్నాం." పాప అడగలేదు. పాపకి ఆ రోజు డాన్స్ క్లాసు. పక్క ఫ్లాటు పిల్లాణ్ణి అరువు తెచ్చుకుని వెళ్లేవాళ్లని కూడా చూశాను.

దీనివల్ల రెండు నష్టాలు. ఒకటి, మీ ఇష్టం ఇంట్లో ఎప్పటికీ మీదిగా నిలబడదు. రెండోది అసలు ప్రమాదం. బొమ్మలున్న ప్రతిదీ పిల్లల సినిమా కాదు. 'గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్'ని ఆరేళ్ల పిల్లకి చూపిస్తే నెల రోజులు దానికి నిద్ర ఉండదు. మీకూ ఉండదనుకోండి. 2024 చివరి నుంచి సెన్సార్ సర్టిఫికెట్ మీద యూఏ 7+, 13+, 16+ అని విడివిడిగా వేస్తున్నారు, ఒక్క క్షణం ఆగి చూడండి. అది బొమ్మల సినిమాకీ వర్తిస్తుంది.

మీ శ్రీమతితోనో శ్రీవారితోనో సూటిగా చెప్పండి: "నాకు ఇవంటే ఇష్టం. నెలలో ఒక శనివారం రాత్రి నాకు వదిలేయ్." ఇంత స్పష్టంగా అడిగితే కాదనే ఇల్లు అరుదు. ఇల్లాలికి ఒళ్లు మండేది బొమ్మల మీద కాదు. గిన్నెల టైములో మాయమై అర్ధరాత్రి టీవీ ముందు తేలడం మీద.

ఇంట్లో అందరితో కలిసి చూసేటప్పుడు ఏ భాష అన్న గొడవ వస్తుంది. ఒరిజినల్ జపనీస్ తప్ప ముట్టనని పట్టుబట్టే అభిమానులు మనలో ఎక్కువ. ఒంటరిగా చూసేటప్పుడు అలాగే చూడండి, గొంతుల్లో ఉండే తేడా నిజమే. కానీ కంటి ఆపరేషన్ అయిన మనిషిని సబ్‌టైటిల్స్ చదవమనడం పాపం. 2019 'లయన్ కింగ్' తెలుగులో పుంబాకి బ్రహ్మానందం, టిమోన్‌కి ఆలీ గొంతులిచ్చారు. ఆ ఇద్దరి మధ్య నడిచే సరసం ఇంగ్లీషు కన్నా మన ఇళ్లలోనే బాగా పేలిందని నేను పందెం కాస్తాను. మామగారికి మొదటి సినిమాగా నేను చెప్పేది దర్శకులు యుగో సాకో, రామ్ మోహన్ వాళ్లు 1990ల మొదట్లో జపాన్‌లో చేత్తో గీయించిన రామాయణం. 2025 జనవరిలో కొత్త ప్రింటుతో తెలుగులోనూ వచ్చింది. కథ ఆయనకి తెలుసు కాబట్టి కళ్లు బొమ్మ మీద నిలుస్తాయి. రావణుడి పది తలలు ఎలా తిరుగుతాయో ఆయనే మీకు చూపిస్తారు. ఆ తర్వాత మాటలే లేని 'ఫ్లో' పెట్టండి. వరదలో కొట్టుకుపోయే పిల్లి కథ, లాట్వియా నుంచి వచ్చి 2025లో ఆస్కార్ గెలిచింది. పుష్పక విమానం చూసినవాళ్లకి మాటల్లేని సినిమా ఏం కొత్త?

అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ప్రొజెక్టర్ ఉంది కదా, అందరికీ వేసేద్దామని ఉత్సాహపడేవాళ్లకి చిన్న హెచ్చరిక. మీ ఓటీటీ చందా మీ ఇంటి వరకే. పదిమందికి బహిరంగంగా చూపించాలంటే హక్కుదారుల అనుమతి కావాలి. దానికన్నా ఇరవై మంది కలిసి థియేటర్‌కి పోవడం తేలిక.

డబ్బు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. హైటెక్స్‌లో కామిక్ కాన్ జరిగినప్పుడు జేబులో ఎంత ఉంటే అంతా పోతుంది. వెళ్లేముందే ఒక అంకె అనుకుని, కార్డు ఇంట్లో పెట్టి, ఆ నగదుతో వెళ్లండి. బొమ్మ కొన్న రోజు కన్నా దాన్ని దుమ్ము దులిపే రోజులు ఎక్కువ.

ఉద్యోగం మానేద్దామనిపించినప్పుడు

ఈ ఘట్టం దాదాపు ప్రతి అభిమానికీ వస్తుంది, సాధారణంగా అప్రైజల్ అయిన వారంలో. ఈ జావా కోడు మన బతుకు కాదు, యానిమేషన్‌లోకి పోదాం.

మన ఊళ్లోనే ఉదాహరణ ఉంది. రాజీవ్ చిలక ఉస్మానియాలో ఇంజినీరింగ్, అమెరికాలో ఎంఎస్ చేసి, అక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, అది వదిలి శాన్‌ఫ్రాన్సిస్కోలో యానిమేషన్ చదివి, 2001లో హైదరాబాద్ వచ్చి గ్రీన్ గోల్డ్ పెట్టాడు. ఛోటా భీమ్ పోగోలో మొదలైంది 2008లో. ఈ కథ చెప్పేవాళ్లు 2001 నుంచి 2008కి ఒక్క గెంతులో వెళ్లిపోతారు. మధ్యలో ఉన్నవి ఏడేళ్లు. ఆ ఏడేళ్లూ జీతాలు ఇవ్వాలి, విక్రమ్ బేతాళ, కృష్ణ లాంటి సిరీస్‌లు ఛానళ్లకి అమ్ముకోవాలి. ఇంకో వైపూ చూడండి. 2025 ఫిబ్రవరిలో టెక్నికలర్ లాంటి వందేళ్ల సంస్థ కుప్పకూలి, బెంగళూరు, ముంబైల్లో వేలమంది ఒక్క వారంలో రోడ్డున పడ్డారు. అక్కడ పనితనానికి లోటు లేదు. ఈ రంగంలో పని ప్రాజెక్టుతో వస్తుంది, ప్రాజెక్టుతో పోతుంది. హోమ్‌లోన్ ఈఎంఐకి ఆ సంగతి తెలియదు.

అందుకని రాజీనామా రాసే ముందు ఒక బంతి ఎగరేయండి. అవును, బంతే. బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. 'ఫ్లో' సినిమా తీసింది దాంతోనే. అది కూడా అక్కర్లేదనుకుంటే, ఆఫీసులో దొరికే పసుపు స్టిక్కీ నోట్స్ కట్ట చాలు. కింది కాగితం మీద మొదటి బొమ్మ, దానిపై కాగితం మీద రెండోది, అలా పైకి వస్తూ గీసి, బొటనవేలితో జారవిడిచి చూసుకోవచ్చు.

బంతి పైనుంచి పడి, నేలని తాకి, మళ్లీ లేవాలి. మొదటి ప్రయత్నంలో అందరూ బంతిని సమాన దూరాల్లో గీస్తారు. అది పడినట్టుండదు, లిఫ్టులో దిగినట్టుంటుంది. పైన ఉన్నప్పుడు బొమ్మలు దగ్గర దగ్గరగా, కిందికి వచ్చేకొద్దీ దూరం దూరంగా పడాలి. నేల తాకిన ఒక్క ఫ్రేములో బంతి కాస్త చపటగా నొక్కుకోవాలి, దాని ముందు ఫ్రేములో కాస్త సాగాలి. లేచిన ప్రతిసారీ ఎత్తు తగ్గాలి. ఇది కుదిరాక అదే సైజు వృత్తంతో క్రికెట్ బంతిని చేయండి. అది నొక్కుకోదు, రెండుసార్లు లేచి ఆగి దొర్లిపోతుంది. తర్వాత బెలూన్. బరువంతా గీతలో లేదు, గీతల మధ్య దూరంలో ఉందని మీ చేతికి తెలిసే దాకా చేయండి. నాలుగు శనివారాలు ఇదే పని విసుగు లేకుండా చేయగలిగితే, అప్పుడు మాసాబ్ ట్యాంక్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూలో యానిమేషన్ చేసిన పిల్లలెవరైనా దొరికితే వాళ్ల పని ఒకసారి చూపించమనండి. మీ బంతి కూడా వాళ్లకి చూపించండి. వాళ్లు నిర్మొహమాటంగా మాట్లాడతారు.

విసుగొచ్చిందా? అదీ మంచిదే. ఉద్యోగం మిగిలింది, పైగా ఇకమీదట తెర మీద బంతి ఎగిరినా, పిల్లి గోడ దూకినా మీ కన్ను అక్కడే ఆగుతుంది.

విసుగు రాకపోతే తర్వాతి అభ్యాసం పిండి సంచి. డిస్నీ కాలం నుంచీ యానిమేషన్ విద్యార్థులందరూ చేసేదే. మనం సోనామసూరి పాతిక కిలోల బస్తా గీసుకుందాం. నాలుగు మూలలు, మధ్యలో బరువు, అంతే. అది సంతోషంగా గెంతాలి, అలిసిపోయి గోడకి ఆనాలి, ఆఖరికి సోమవారం ఉదయం లిఫ్ట్ ముందు మెడలో ట్యాగుతో నిలబడాలి. బస్తాకి కళ్లు, నోరు గీయకూడదు.